బస్తీ గడప దాకా వచ్చిన కూరగాయలు పళ్లెంలోకి ఎందుకు చేరడం లేదు?

2025 ఉగాదికి తెలంగాణ రేషన్ షాపుల్లో దొడ్డు బియ్యం పోయి సన్నబియ్యం వచ్చాయి. అదే ఏడాది హైదరాబాద్‌లో ఐదు రూపాయల భోజన కేంద్రాలకు ఇందిరమ్మ క్యాంటీన్లని కొత్త పేరు పెట్టి, పొద్దున పూట ఐదు రూపాయలకే టిఫిన్ కూడా మొదలుపెట్టారు. అంతకు ముందు ఏడాది ఆగస్టులో, 2019లో మూతపడ్డ అన్న క్యాంటీన్లు ఆంధ్రప్రదేశ్‌లో మళ్లీ తెరుచుకున్నాయి. ఇలాంటిది ఏది జరిగినా టీవీ చర్చల్లో రెండే మాటలు వినపడతాయి. పేదోడి కడుపు నిండుతోందని ఒకరంటారు, ఓట్ల కోసం పప్పుబెల్లాలు పంచుతున్నారని ఇంకొకరంటారు. పళ్లెంలో ఏముందన్న సంగతి మాత్రం ఇద్దరూ వదిలేస్తారు.

2011 జనాభా లెక్కల నాటికి గ్రేటర్ హైదరాబాద్ జనంలో దాదాపు మూడో వంతు బస్తీల్లోనే, అంటే మురికివాడల్లోనే ఉన్నారు. వాళ్లకు మంచి తిండి అందడం అనే విషయాన్ని విప్పుతూ పోతే దూరం, ధర, టైమ్, నీళ్లు, గ్యాస్, అప్పు అన్నీ ఒకదానికొకటి చుట్టుకుని కనిపిస్తాయి. అందుకే ఒక్క పథకంతో తేలే వ్యవహారం కాదిది.

## ఆకలి వేరు, లోపం వేరు

పోషకాహారం గురించి మాట్లాడేటప్పుడు మూడు వేర్వేరు సమస్యలను ఒకే గాటన కట్టేస్తుంటాం. ఒకటి ఆకలి, అంటే చాలినన్ని కేలరీలు అందకపోవడం. రెండోది సూక్ష్మపోషకాల లోపం. కడుపు నిండుతుంది కానీ ఐరన్, బీ12, విటమిన్ ఏ లాంటివి ఒంటికి చాలవు. మూడోది అధిక బరువు, దాని వెంట వచ్చే షుగర్, బీపీ. ఇవి ఒకే ఇంట్లో ఉండొచ్చు. తల్లికి బరువు ఎక్కువ, అదే తల్లికి రక్తం తక్కువ, కొడుకేమో వయసుకు తగ్గ ఎత్తు లేడు. డాక్టర్లకు ఇది రోజూ కనిపించే దృశ్యమే.

2019-21 నాటి ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15-49 ఏళ్ల మహిళల్లో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో అది 58.8 శాతం. తెలంగాణలో ఐదేళ్లలోపు పిల్లల్లో అయితే 70 శాతం. అదే సర్వేలో తెలంగాణ మహిళల్లో 30 శాతం మంది అధిక బరువుతో ఉన్నారు. వేలికొన నుంచి తీసిన రక్తపు చుక్కతో చేసే పరీక్ష రక్తహీనతను ఎక్కువ చేసి చూపిస్తుందని కొందరు నిపుణులు అంటారు. ఆ అభ్యంతరం కొట్టిపారేయదగ్గది కాదు. అయితే అంకె కాస్త తగ్గినా బొమ్మ మారదు. బియ్యం ఉచితంగా అందుతున్న రాష్ట్రంలో ఇంతమందికి రక్తం తక్కువగా ఉందంటే, లోటు బియ్యంలో లేదు.

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో కొత్త ఆహార మార్గదర్శకాలు ఇచ్చింది. రోజుకు 2,000 కేలరీలు అవసరమైన మనిషికి ధాన్యాలు 250 గ్రాములు, కూరగాయలు ఆకుకూరలు కలిపి 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, గింజలు 35 గ్రాములు, నూనె 27 గ్రాములు, పాలు 300 మిల్లీలీటర్లు అని అందులో చెప్పారు. కేలరీల్లో ధాన్యాల వాటా 45 శాతం దాటకూడదు. వాస్తవంలో మన దేశంలో అది 50 నుంచి 70 శాతం దాకా ఉంది.

ఇప్పుడు రేషన్ లెక్క చూద్దాం. తెలంగాణలో మనిషికి నెలకు 6 కిలోల బియ్యం ఇస్తారు. రోజుకు 200 గ్రాములు. కావాల్సిన 250 గ్రాముల ధాన్యంలో ఐదింట నాలుగు వంతులు ప్రభుత్వమే ఇచ్చేస్తోందన్నమాట. పళ్లెంలో అన్నిటికంటే చవకైన భాగం దాదాపు పూర్తయింది. మిగతాదంతా బజార్లో కొనాలి. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది.

## అమెరికా కొలిచే దూరం మన గల్లీలో పనిచేయదు

ఈ అంశం మీద వచ్చే పరిశోధనల్లో 'ఆహార ఎడారి' అన్న మాట తరచూ కనిపిస్తుంది. బ్రిటన్‌లో 1990ల్లో వాడుకలోకి వచ్చి, అమెరికాలో స్థిరపడ్డ భావన ఇది. అమెరికా వ్యవసాయ శాఖ వాడిన ఒక కొలత ప్రకారం, ఆదాయం తక్కువగా ఉన్న నగర ప్రాంతంలో కనీసం 500 మంది లేదా మూడో వంతు జనం సూపర్ మార్కెట్‌కు ఒక మైలు కంటే దూరంలో ఉంటే అది ఆహార ఎడారి. పల్లెల్లో అయితే పది మైళ్లు. కారు లేకపోతే కదల్లేని, వీధిలో అమ్మేవాళ్లు లేని దేశంలో ఆ కొలతకు అర్థం ఉంది.

దాన్ని తెచ్చి హైదరాబాద్ బస్తీలైన బోరబండ మీదో, అడ్డగుట్ట మీదో పెడితే నవ్వొస్తుంది. పొద్దున ఏడున్నరకల్లా తోపుడు బండి గల్లీలోకి వచ్చేస్తుంది. మైకులో రికార్డు చేసి పెట్టిన గొంతు టమాట, ఉల్లిగడ్డ ధర చెబుతూ పోతుంది. చాలా ప్రాంతాల్లో వారానికో రోజు రోడ్డు పక్కనే అంగడి పెడతారు, రాత్రి పది దాకా నడుస్తుంది. దూరం మాత్రమే సమస్య అయితే హైదరాబాద్ బస్తీల్లో సమస్యే ఉండకూడదు. (దూరమే సమస్యగా మారిన చోట్లు నగరం అంచున కొత్తగా తయారయ్యాయి. వాటి దగ్గరికి తర్వాత వస్తాను.)

కాబట్టి 'అందుబాటు' అనే మాటను నాలుగు ముక్కలు చేసి చూడాలి. సరుకు దగ్గర్లో ఉందా, కొనగలిగే ధరలో ఉందా, కొన్నది వండుకునే వీలుందా, తినాలనిపించేలా ఉందా. ఏ ఒక్కటి తెగినా మిగతా మూడూ ఉన్నా లాభం లేదు.

## పావుకిలో ధర ఎందుకు ఎక్కువ

బస్తీలో కూరగాయలు కిలోల్లో కొనరు. పావుకిలో వంకాయ, పది రూపాయల పచ్చిమిర్చి, ఒక కట్ట పాలకూర, అంతే. దీని ఖరీదు ఎంతో ఒక లెక్క వేసి చూద్దాం. ధరలు ఊహకు వేసుకున్నవే, రోజురోజుకూ మారతాయి. తేడా ఏ మేరకు ఉంటుందో తెలియడానికే ఈ లెక్క.

ఒక ఇంటికి వారానికి 5 కిలోల కూరగాయలు అనుకుందాం. రైతు బజార్లో సగటున కిలో 30 రూపాయలైతే మొత్తం 150. తోపుడు బండి మీద కిలో 40, కానీ పావుకిలో అడిగితే 12 రూపాయలు. అంటే కిలో 48 పడుతుంది. ఇరవై పావుకిలోలకు 240 రూపాయలు. వారానికి 90 రూపాయల తేడా. నెలకు దాదాపు 360.

మరి రైతు బజారుకు ఎందుకు పోరు? షేర్ ఆటోకు పోను 20, రాను 20. తేడాలో మిగిలింది 50. 2023 డిసెంబర్ నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితం కాబట్టి ఆ నలభై మిగలొచ్చు. ఆహారం కోసం పెట్టిన పథకం కాకపోయినా, మంచి సరుకు ఉన్న బజారుకు వెళ్లే ఖర్చును చాలామందికి సున్నా చేసింది అదొక్కటే. కానీ బస్సు కోసం ఆగి, ఎక్కి, కొని, సంచులతో తిరిగి వచ్చేసరికి రెండు గంటలు పోతాయి. ఫ్రిజ్ లేని ఇంట్లో ఎండాకాలం ఆకుకూర ఒక్క పూట కంటే ఆగదు, ఐదు కిలోల్లో ఒక కిలో వాడిపోతే ఇంకో 30 పోయినట్టే. అన్నిటికంటే ముందు, 150 రూపాయలు ఒకేసారి చేతిలో ఉండాలి. అడ్డా మీద నిలబడి ఆ రోజు పని దొరికితేనే డబ్బు వచ్చే ఇంట్లో రోజుకు పాతిక, ముప్పై తీయడం సులువు. వారానికి నూటయాభై తీయడం కష్టం.

తోపుడు బండి మీద కోపం తెచ్చుకోవడం కూడా అన్యాయమే. బోయిన్‌పల్లి లాంటి హోల్‌సేల్ మార్కెట్‌కు తెల్లవారుజామునే పోయి, ట్రాలీ ఆటోకు డబ్బిచ్చి సరుకు తెస్తాడు. సాయంత్రానికి మిగిలింది వాడిపోతుంది. రాత్రి ఎనిమిది దాటాక బండి ఖాళీ చేసేందుకు సగం ధరకు ఇచ్చేస్తాడు. ఆ వేళ కోసం చూసి కొనేవాళ్లు బస్తీల్లో బోలెడంత మంది. పైగా పెట్టుబడి ఎక్కువసార్లు రోజు వడ్డీకి తెచ్చిందే. 2020లో కేంద్రం తెచ్చిన పీఎం స్వనిధి పథకం మొదటి విడతగా 10,000 రూపాయల రుణం ఇచ్చింది ఇందుకే. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం ప్రతి నగరంలో వాళ్లను సర్వే చేసి, గుర్తింపు పత్రం ఇచ్చి, అమ్ముకునే జాగా చూపించాలి. రోడ్డు వెడల్పు చేసిన ప్రతిసారీ ముందు లేచిపోయేది ఈ బండ్లే. బస్తీ తిండి గురించి మాట్లాడేవాళ్లు ట్రాఫిక్ పోలీసుల డ్రైవ్‌ల గురించి మాట్లాడరు, కానీ ఆ రెండూ ఒకే విషయం.

## నెల బిల్లు వేసి చూస్తే

మార్గదర్శకాల్లో చెప్పినట్టు నలుగురు తినాలంటే నెలకు ఎంతవుతుంది? నలుగురినీ పెద్దవాళ్ల కిందే లెక్కేద్దాం. పిల్లలుంటే కొంత తగ్గుతుంది.

కూరగాయలు రోజుకు 1.6 కిలోలు, నెలకు 48 కిలోలు. కిలో 40 చొప్పున 1,920 రూపాయలు. పండ్లు 12 కిలోలు, జామ, అరటి లాంటివే అనుకుని కిలో 80 చొప్పున 960. పప్పులు 10.2 కిలోలు, కిలో 120 అయితే 1,224. పాలు 36 లీటర్లు, 60 చొప్పున 2,160. పల్లీలు 4.2 కిలోలు, 160 చొప్పున 672. నూనె 3.24 కిలోలు, 150 చొప్పున 486. బియ్యం 30 కిలోల్లో 24 రేషన్‌లో వస్తే మిగతా 6 కిలోలకు 270. మొత్తం 7,692 రూపాయలు. మనిషికి రోజుకు 64.

ఇందులో ఉప్పు, కారం, చింతపండు, టీ పొడి, చక్కెర, గ్యాస్ లేవు. ఆదివారం చికెన్ లేదు.

ఇద్దరు సంపాదించే ఇల్లు తీసుకుందాం. ఆమె నాలుగు ఇళ్లలో పనిచేసి 9,000, అతను సెక్యూరిటీ గార్డుగా 14,000 తెస్తే 23,000. అందులో 7,700 అంటే మూడో వంతు. దేశంలో సగటు పట్టణ కుటుంబం తన ఖర్చులో దాదాపు 40 శాతం తిండికి పెడుతుందని 2023-24 గృహ వినియోగ సర్వే చెప్పింది. ఆ లెక్కన ఈ ఇంటికి మంచి తిండి కాగితం మీద సాధ్యమే. అతను ఒక్కడే సంపాదించే ఇంట్లో 14,000 మీద అదే బిల్లు సగం దాటేస్తుంది. అద్దె కట్టాక అసాధ్యం. ఒకే గల్లీలో పక్కపక్క ఇళ్లకు సమస్య ఒకటి కాదనేది ఇక్కడే తెలుస్తుంది. ఒక ఇంటికి డబ్బు చాలదు, రెండో ఇంటికి ఆ డబ్బు ఒకేసారి చేతికి రాదు.

జాతీయ స్థాయిలో కూడా ఈ లెక్క తెగని పంచాయితీయే. ఐక్యరాజ్యసమితి సంస్థలు ఏటా ఇచ్చే ఆహార భద్రత నివేదిక భారతీయుల్లో ఎంతమంది ఆరోగ్యకరమైన ఆహారం కొనలేరో చెబుతుంది. 2023 నివేదికలో అది 74 శాతం, 2024 నివేదికలో 55 శాతం చిల్లర. ఒక్క ఏడాదిలో అంతమంది చేతికి డబ్బు రాలేదు. మారింది ప్రధానంగా లెక్కగట్టే పద్ధతి. ఇలాంటి అంకెను ఎవరైనా బల్లగుద్ది చెబుతుంటే ఏ ఏడాది నివేదిక అని అడగాలి.

బిల్లు చాలనప్పుడు ఇంట్లో కోత ఒక వరసలో పడుతుంది. ముందు పండ్లు పోతాయి, జ్వరం వచ్చినవాళ్లకే అవి. తర్వాత పాలు టీకి సరిపడా అర లీటరు ప్యాకెట్‌కు దిగుతాయి. పప్పు పలచబడి పప్పుచారు అవుతుంది. నెలాఖరుకు పచ్చిపులుసు, ఎల్లిపాయ కారం. అన్నం మాత్రం తగ్గదు, పెరుగుతుంది.

## టైమ్, నీళ్లు, గ్యాస్

పాలకూర కట్ట పది రూపాయలే కావొచ్చు. దాన్ని ఏరాలి, మూడు నాలుగు నీళ్లు మార్చి కడగాలి, తరగాలి. నల్లా రోజు విడిచి రోజు వచ్చే గల్లీలో డ్రమ్ములో ఉన్న నీళ్లు ఆకుకూరకు పోయాలా, బట్టలకు పోయాలా అన్నది నిజమైన ప్రశ్న. పొద్దున ఆరున్నరకు మొదటి ఇంటి పనికి పోయే మనిషి ఐదింటికి లేచి అన్నం, ఏదో ఒక కూర చేసి పెట్టి పోతుంది. ఒకటే బర్నర్ ఉన్న పొయ్యి మీద రెండో కూర అంటే ఇంకో అరగంట. సొంత కనెక్షన్ లేని వలస కుటుంబాలు చిన్న సిలిండర్‌లో కిలోల చొప్పున గ్యాస్ నింపించుకుంటాయి. పప్పు ఉడికేందుకు పట్టే గ్యాస్ వాళ్లకు లెక్కే.

జొన్నలు తినమని, రాగులు తినమని సలహాలు ఇచ్చేవాళ్లు దీన్ని గమనించాలి. జొన్నరొట్టె మన ప్రాంతపు తిండే, మంచిదే. కానీ ఉచిత బియ్యం పక్కన జొన్నలు కొనుక్కోవాలి, పిండి పట్టించాలి, నలుగురికి రొట్టెలు కొట్టాలి. అన్నం అయితే కుక్కర్లో పడేసి వేరే పని చూసుకోవచ్చు.

## కిరాణా కొట్టు గుమ్మానికి వేలాడే దండలు

బస్తీ కిరాణా కొట్టు ముందు నిలబడి చూడండి. గుమ్మానికి అడ్డంగా ఐదు రూపాయల చిప్స్, కుర్కురే ప్యాకెట్ల దండలు వేలాడుతుంటాయి. వాటిని పక్కకు జరుపుకుంటేగానీ లోపలి మనిషి ముఖం కనపడదు. కౌంటర్ మీద బిస్కెట్ల డబ్బాలు, పక్కన కూల్‌డ్రింకుల ఫ్రిజ్. ఏదీ కుళ్లిపోదు, దేనికీ తక్కెడ అక్కర్లేదు, ఐదు రూపాయలకు పూర్తి వస్తువు వస్తుంది. ఐదు రూపాయలకు ఏ పండు వస్తుంది? చిన్న అరటిపండు, అదీ కొన్నిచోట్ల.

ఇంకో సంగతి బయటివాళ్లకు తట్టదు. కిరాణా కొట్టులో ఉద్దెర ఉంది. చిన్న నోటు పుస్తకంలో రాసుకుని నెలాఖరుకు తీసుకుంటారు. తోపుడు బండి మనిషి రోజూ గల్లీ మారుస్తాడు, ఉద్దెర ఇవ్వలేడు. చేతిలో డబ్బు లేని రోజున ఉద్దెర మీద ఏం దొరుకుతుందో ఇంట్లో అదే తింటారు. అంటే నూనె, కారప్పొడి, బిస్కెట్లు, నూడుల్స్, గుడ్లు. ఈ జాబితాలో గుడ్డు ఉండటం ఒక అదృష్టం.

పట్టణ కుటుంబాల ఖర్చులో పానీయాలు, ప్రాసెస్డ్ ఆహారం వాటా దాదాపు 11 శాతమని గృహ వినియోగ సర్వేలో తేలింది. ఆహార పద్దుల్లో అదే పెద్దది. దీన్ని పట్టుకుని పేదలు చిప్స్ మీద తగలేస్తున్నారని తీర్మానించడానికి లేదు. ఆ పద్దులో హోటల్ భోజనం, బండి మీద ఇడ్లీ, టీ కూడా కలిసి ఉంటాయి, పైగా అది పేదాగొప్పా అందరి సగటు.

## ఇక్కడ ఇప్పటిదాకా ఏం చేశారు

రైతు బజార్లు 1999 జనవరిలో మొదలయ్యాయి. దళారీ లేకుండా రైతు నేరుగా అమ్మడం, హోల్‌సేల్ కంటే కాస్త ఎక్కువ, చిల్లర ధర కంటే తక్కువగా రోజూ పొద్దున బోర్డు మీద ధర రాయడం దాని పద్ధతి. పాతికేళ్లు దాటినా నిలబడ్డ ఆలోచన ఇది. రైతుల పేరుతో వ్యాపారులు చేరిపోయారన్న ఆరోపణలు పాతవే. 2023 జూలైలో టమాట కిలో 200కు చేరినప్పుడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రైతు బజార్ల ద్వారానే కిలో 50కి అమ్మించింది. ఉన్న వ్యవస్థ కాబట్టే అది కుదిరింది. అయితే మెహిదీపట్నం, ఎర్రగడ్డ, కూకట్‌పల్లి, వనస్థలిపురం అంటూ ఎక్కువగా పెద్ద రోడ్ల పక్కన, కాలనీల మధ్య వచ్చాయి. పాతబస్తీకి ఫలక్‌నుమా ఉంది. కోటి మంది నగరానికి ఇవి చాలా తక్కువ. బండి వేసుకుని వచ్చి పది కిలోలు పట్టుకుపోయే మధ్యతరగతికి వాటి వల్ల ఎక్కువ లాభం కలిగిందన్న విమర్శలో నిజముంది. 2020 లాక్‌డౌన్‌లో సంచార రైతు బజార్లంటూ వాహనాలు కాలనీలకు తిరిగాయి. అవసరం తీరాక ఆ ఊపు పోయింది.

ఐదు రూపాయల భోజనం 2014లో హైదరాబాద్‌లో మొదలైంది. దాదాపు 400 గ్రాముల అన్నం, 120 గ్రాముల సాంబారు, 100 గ్రాముల కూర, కాస్త పచ్చడి. వండిన తిండికి పెద్ద సుగుణం ఒకటుంది. పైన చెప్పిన నీళ్లు, గ్యాస్, టైమ్, నిల్వ అన్నీ ఒక్కసారిగా తప్పిపోతాయి. అందుకే బియ్యం ఇవ్వడం కంటే వండి పెట్టడమే మేలనే వాదన గట్టిది. ఎదుటి వాదన కూడా తేలిగ్గా లేదు. పళ్లెంలో సగం పైన అన్నమే, గుడ్డు లేదు, పెరుగు లేదు. కేంద్రాలు ఆసుపత్రులు, చౌరస్తాల దగ్గర ఉంటాయి కాబట్టి పని మీద బయట తిరిగే మగవాళ్లకు ఎక్కువ అందుతుంది, ఇంట్లో ఉన్న బాలింతకు అందదు. కొత్తగా పెట్టిన టిఫిన్‌కు ఒక్కో ప్లేటు ఖర్చు 19 రూపాయలని, అందులో 14 కార్పొరేషన్ భరిస్తుందని ప్రకటించారు. ఒక గుడ్డు కలిపితే ఇంకో ఆరేడు రూపాయలు పడుతుంది. ఎంతమందికి పెట్టాలి, ఎంత మంచిది పెట్టాలి అన్న తక్కెడ ప్రతి క్యాంటీన్‌లో ఉంటుంది.

బాలింతల కోసం 2015లో తెలంగాణ ఆరోగ్య లక్ష్మి తెచ్చింది. గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీలో రోజూ ఒక పూట భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు. కాగితం మీద నాకు తెలిసినంతలో ఇదే అన్నిటికంటే సరైన పళ్లెం. కేంద్రానికి వచ్చి తినాలన్నది నియమం. పల్లెలో పక్క వీధే కావొచ్చు. నగరంలో మధ్యాహ్నం భవన నిర్మాణ పనిలో ఉన్న గర్భిణి ఆ గుడ్డు కోసం సగం కూలీ వదులుకోవాలి.

రేషన్‌లో బియ్యంతో పాటు పప్పు, నూనె ఇవ్వొచ్చు కదా అంటే, తమిళనాడు 2007 నుంచి ఆ పని చేస్తోంది, కందిపప్పు, పామాయిల్ తక్కువ ధరకు ఇస్తోంది. మనకూ అనుభవం ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో అమ్మహస్తం పేరుతో 185 రూపాయలకు తొమ్మిది సరుకుల సంచి ఇచ్చారు. కందిపప్పు ఉడకదని, కారం బాగాలేదని గొడవలు వచ్చాయి. రాష్ట్రం విడిపోయాక అది కొనసాగలేదు. నాణ్యత లేని సరుకు ఇస్తే తినరు, అమ్ముకుంటారు. దొడ్డు బియ్యం ఏళ్ల తరబడి పక్కదారి పట్టింది కూడా అందుకే. సన్నబియ్యం కనీసం ఇంట్లో వండుకుంటున్నారు. ఈ కోణంలో చూస్తే అది నిజమైన మెరుగుదల, అయినా నిండుతున్నది మళ్లీ అదే అన్నం గిన్నె.

శ్రీకాకుళం నుంచి వచ్చిన మేస్త్రీ కుటుంబం సంగతి వేరు. 2019 ఆగస్టులో ఒకే దేశం ఒకే రేషన్ కార్డు ప్రయోగాన్ని మొదలుపెట్టిన తొలి జంటల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఒకటి. సొంతూరి కార్డుతో హైదరాబాద్‌లో బియ్యం తీసుకోవచ్చు. కార్డులో పేర్లన్నీ ఊళ్లో ఉన్న తల్లిదండ్రులతో కలిపి ఉంటే ఎవరి వాటా ఎక్కడ తీసుకోవాలన్నది ఇంట్లో తేల్చుకోవాల్సిన విషయం.

## దుకాణం తెరిస్తే సరిపోతుందా?

సరుకు దగ్గరికి తెస్తే జనం తినే తీరు మారుతుందా అన్న ప్రశ్న మీద అమెరికాలో చాలా పరిశోధన జరిగింది, ఫలితాలు ఉత్సాహాన్ని నీరుగార్చేవే. ఫిలడెల్ఫియాలో ఒక పేద వాడలో కొత్త సూపర్ మార్కెట్ తెరిచాక ఏమైందో 2014లో ఒక అధ్యయనం వచ్చింది. మంచి సరుకు దొరుకుతోందని జనం గుర్తించారు. కానీ కూరగాయలు, పండ్లు తినడంలో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. 2019లో ఆర్థికవేత్తలు దేశవ్యాప్త కొనుగోళ్లను పరిశీలించి, ధనిక పేద కుటుంబాల పోషక తేడాలో సరఫరా వల్ల వచ్చింది పదో వంతు మాత్రమేనని, మిగతా తొమ్మిది వంతులు ఏం కొనాలనుకుంటారన్న దాంట్లో ఉందని తేల్చారు.

దీన్ని విన్నవాళ్లు వెంటనే 'చూశారా, వాళ్లకు అవగాహన లేదు' అంటారు. అంత తొందరపడక్కర్లేదు. మసాచుసెట్స్‌లోని హాంప్‌డెన్ కౌంటీలో 2011-12లో ఇంకో ప్రయోగం జరిగింది. ప్రభుత్వ ఆహార సాయం అందుకునేవాళ్లు పండ్లు, కూరగాయల మీద ఒక డాలరు ఖర్చు పెడితే 30 సెంట్లు వెనక్కి ఇచ్చారు. వాళ్లు తినే పండ్లు, కూరగాయలు దాదాపు నాలుగో వంతు పెరిగాయి. అవే దుకాణాలు, అదే మనుషులు, ధర మాత్రమే తగ్గింది. కోరిక అనేది చేతిలో డబ్బును బట్టి కూడా మారుతుంది. పిల్లాడు తింటాడో తినడో తెలియని కూరకు ఇరవై రూపాయలు పెట్టి, అది పారేయాల్సి వస్తే ఆ పూట ఇంకోటి చేసే స్తోమత ఉండాలి.

మనకు దగ్గరగా అనిపించేది బ్రెజిల్‌లోని బెలో హారిజాంటే నగరం. 1993లో అక్కడి నగరపాలక సంస్థ ఆహారం కోసమే ఒక ప్రత్యేక విభాగం పెట్టింది. చవక భోజనశాలలు, రైతులకు నగరంలో అమ్మే చోటు, ఇవి మనకు తెలిసినవే. మనకు తెలియనిది ఒకటుంది. జనం బాగా తిరిగే చోట్ల మునిసిపల్ జాగాలను వ్యాపారులకు ఇచ్చి, కొన్ని రకాల కూరగాయలు, పండ్లు తాము నిర్ణయించిన ధరకే అమ్మాలని షరతు పెట్టారు. మంచి జాగా దక్కినవాళ్లు వారాంతంలో పేదల వాడలకు లారీలో సరుకు తీసుకెళ్లి అమ్మాలన్నది ఇంకో షరతు. ఖజానా నుంచి సబ్సిడీ కంటే జాగా విలువనే సబ్సిడీగా మార్చారు. ఆ కార్యక్రమాలన్నిటికీ నగర బడ్జెట్‌లో రెండు శాతం కూడా అవలేదని చెబుతారు. వ్యాపారి నష్టపోయే చోట షరతు నిలబడదన్నది దీనికి ఎదురయ్యే సహజమైన అభ్యంతరం. మన దగ్గర అలాంటి షరతుకు ఆధారం కాగల మునిసిపల్ దుకాణాలకు కొదవ లేదు.

ఇంటి దగ్గరికే బండి పంపడం గురించి తెలుగువాళ్లకు సొంత అనుభవమే ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2021 నుంచి వాహనాలు ఇంటింటికీ రేషన్ మోసుకెళ్లాయి, 2025 జూన్ నుంచి మళ్లీ చౌక దుకాణాలకే మళ్లించారు. ముసలివాళ్లకు వెసులుబాటు అన్నవాళ్లున్నారు, బండి వచ్చే వేళకు పని మానుకుని కూర్చోవాలా అన్నవాళ్లున్నారు. కూరగాయల బండికైనా అదే పరీక్ష. పదకొండింటికి బస్తీలోకి వచ్చే బండి కొనే మనిషి లేని వేళ వస్తుంది.

పెరట్లో పండించుకోమనే సలహా గురించి ఎక్కువ రాయను. కాలనీ డాబాల మీద అది బాగుంది, రేకుల ఇంటికి మిద్దె లేదు. మూసీ వెంట మురుగునీటితో పెరిగే ఆకుకూరలు నగరంలోకి చవగ్గానే వస్తాయి, వాటి మీద ఉన్న ఆరోగ్య భయాలు కూడా నిజమైనవే.

## కొల్లూరులో మాత్రం దూరమే సమస్య

సంగారెడ్డి జిల్లా కొల్లూరులో 2023 జూన్‌లో 15,660 డబుల్ బెడ్‌రూమ్ ఇళ్ల కాలనీ ప్రారంభమైంది. నగరంలోని బస్తీల నుంచి లాటరీలో ఇల్లు వచ్చినవాళ్లు అక్కడికి చేరారు. గట్టి గోడ, నల్లా, మరుగుదొడ్డి, అన్నీ మునుపటి కంటే మేలు. కానీ ఒక బస్తీ తిండి నడిచేది ఏళ్ల తరబడి అల్లుకున్న ఏర్పాట్ల మీద. తెలిసిన కిరాణా, రాత్రి బండి, వారం అంగడి, పనిచేసే ఇంట్లో ఇచ్చే కూర గిన్నె, ఇవేవీ కొత్త ఇంటి తాళంతో పాటు రావు. పని పాత చోటే ఉంటే రోజూ గంటల ప్రయాణం, వంటకు మిగిలే టైమ్ ఇంకా తగ్గుతుంది. పైగా పదో అంతస్తుకు తోపుడు బండి ఎక్కదు. ఇలాంటి కాలనీలకు అమెరికా వాళ్ల దూరపు కొలత బాగానే సరిపోతుంది. ప్లాన్ గీసేటప్పుడే అంగడికి చోటు, అంగన్‌వాడీకి గదులు, రేషన్ షాపు ఎక్కడన్నది రాసుకోవాల్సిన పని ఇది. ఇళ్లు కట్టే శాఖ ఒకటి, తిండి చూసే శాఖ ఇంకొకటి.

## ఏది పనిచేసిందో తెలియాలంటే

క్యాంటీన్లను ప్లేట్ల లెక్కన కొలుస్తారు. రేషన్‌ను టన్నుల్లో, రైతు బజారును క్వింటాళ్లలో కొలుస్తారు. ఆ సరుకు బస్తీ పళ్లెంలోకి ఎంత చేరిందో చెప్పే కొలత వీటిలో ఏదీ కాదు. అది అసాధ్యమూ కాదు. 2005-06 నాటి మూడో కుటుంబ ఆరోగ్య సర్వేలో హైదరాబాద్ సహా ఎనిమిది నగరాల్లో బస్తీల ఇళ్లను, మిగతా ఇళ్లను విడివిడిగా లెక్కగట్టారు. 2019-21 సర్వే జిల్లా నివేదికలో హైదరాబాద్ జిల్లా మొత్తానికి ఒకటే అంకె ఉంది. బంజారాహిల్స్‌కూ, దాన్ని ఆనుకునే ఉన్న బస్తీకీ అదే.